పద్దెనిమిదో పోర్టు అలక

4, సోమవారం

గళ్ళచొక్కా (రోజూ అదే వేసుకొస్తాడు, అందుకే ఆ పేరు) ఇవాళ ఈ పుస్తకం తెచ్చి నా బల్ల మీద పడేశాడు. మందుల కంపెనీ వాళ్ళు ఊరికే ఇచ్చిందట. "నీ సణుగుడంతా దీనికి చెప్పుకో, నన్నొదిలెయ్" అన్నాడు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని ఆస్పత్రి నెట్‌వర్కు చూసుకునే ఇద్దరిలో ఒకడు రోజంతా సణిగితే రెండోవాడు మాత్రం ఏం చేస్తాడు పాపం.

సరే, చెప్పుకుంటాను. మాకు పాప పుట్టింది. నెలలు నిండకుండానే తొందరపడి వచ్చేసింది. మా ఆస్పత్రిలోనే, కింద పసిపిల్లల వార్డులో, మూలనున్న గాజుపెట్టెలో ఉంది. మా ఆవిడ పై అంతస్తులో ఉంది. తనకి కుట్ల దగ్గర చీము పట్టింది, జ్వరం దిగడం లేదు. జ్వరం పూర్తిగా దిగి డాక్టరమ్మ సరేననేదాకా తను ఆ వార్డు గడప తొక్కకూడదు. బిడ్డని ఇంతవరకూ ఎత్తుకోలేదు, ముట్టుకోలేదు.

చూడటం మాత్రం చూస్తోంది. ఇలాంటి తల్లుల కోసమని ఒక్కో పెట్టె మీదా ఒక్కో కెమెరా పెట్టాం, పై గదిలో టీవీలో బొమ్మ వస్తుంది. ఆ తీగలన్నీ లాగించింది నేనే, మాకు పెళ్ళి కూడా కాని రోజుల్లో. అప్పుడది ఒక పని, అంతే. ఇప్పుడు ఆ కెమెరా కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ వాడి కాళ్ళకి దండం పెట్టాలనిపిస్తోంది.

5, మంగళవారం

పద్దెనిమిదో పోర్టు పడిపోయింది. మా పాప కెమెరా దాని మీదే ఉంది.

అత్తయ్య ఫోన్ చేసింది. మా ఆవిడకి తోడుగా పైన ఉంటున్నది ఆవిడే. "బాబూ, టీవీ నల్లగా అయిపోయింది. అమ్మాయి అన్నం కంచం పక్కకి తోసేసింది" అంది. నేను ఇక్కడి నుంచే పోర్టుని మూసి మళ్ళీ తెరిచాను. ఫలితం లేదు. మళ్ళీ మూసి తెరిచాను. కాసేపాగి మరోసారి. అప్పుడొచ్చింది.

సాయంత్రం పైకి వెళ్తే అత్తయ్య అడిగింది, అసలు పోర్టంటే ఏమిటని. "మా గదిలో స్విచ్చని ఒక పెట్టె ఉంటుంది అత్తయ్యా. దానికి వరసగా కన్నాలుంటాయి. ఒక్కో కన్నంలోకి ఒక్కో గది నుంచి తీగ వస్తుంది. ఆ కన్నమే పోర్టు. తీగలో ఎక్కడైనా పట్టు తప్పితే ఇది అలిగి కూర్చుంటుంది. తర్వాత తీగ బాగైపోయినా సరే, ఒకసారి మూసి తెరిచి బుజ్జగిస్తే గానీ మాట్లాడదు."

"మీ మామయ్య లాగా" అంది అత్తయ్య. మా ఆవిడ నవ్వింది. ఆపరేషన్ అయ్యాక నవ్వడం ఇదే మొదలు. కుట్లు పట్టుకుని మరీ నవ్వింది.

6, బుధవారం

పొద్దున పడింది, మధ్యాహ్నం పడింది. మధ్యాహ్నం నేను మందుల కొట్టు దగ్గర బిల్లుల కంప్యూటరు బాగుచేస్తున్నాను, నన్ను వెతికి పట్టుకునేసరికి చాలాసేపైంది. అంతసేపూ మా ఆవిడ నల్ల టీవీనే చూస్తూ కూర్చుందట.

"కిందకి వెళ్ళి తీగ చూశావా?" అన్నాడు గళ్ళచొక్కా.

ఇక్కడి నుంచే తెలుస్తోంది కదా అన్నాను. వాడు మా గది తలుపు వైపు చూశాడు. 'ముందు తీగ చూడండి, తర్వాత ఫోన్ చేయండి' అని అక్కడ నా చేతిరాతతోనే అతికించి ఉంది. అది ఫోన్లు చేసి ప్రాణం తీసేవాళ్ళ కోసం. నాకేం, సర్వీసు ఉన్నవాణ్ణి.

పైగా కింద ఉన్నది ఉష్ సిస్టర్. వార్డుకి పెద్ద నర్సు. ఎవరు నోరు తెరిచినా ముందు "ఉష్" అంటుంది, అసలు పేరు మాకెవరికీ గుర్తులేదు. కెమెరాలు పెట్టిన రోజుల్లోనే నాకూ ఆవిడకీ చెడింది. తీగలు తన కాళ్ళకి అడ్డమని మా పెద్దాఫీసరుకి ఫిర్యాదు చేసింది. అలాంటి మనిషి దగ్గరికి ఇప్పుడు తీగ పట్టుకుని ఎవరు వెళ్తారు.

7, గురువారం

ప్రోగ్రాం రాశాను. చిన్నదే. పద్దెనిమిదిని కనిపెట్టుకుని ఉంటుంది. లింకు పోయిందా, కాస్త ఆగుతుంది. అయినా రాలేదా, పోర్టు మూసేస్తుంది, గుక్కెడు నీళ్ళు తాగేంత సేపు ఊరుకుని తెరుస్తుంది. ఇంకా రాకపోతే మళ్ళీ మొదటి నుంచి. విసుగు లేదు, ఆకలి లేదు, బిల్లుల కంప్యూటర్ల గొడవ లేదు.

గళ్ళచొక్కా భుజం మీద నుంచి చదివాడు. "ఎన్నిసార్లు ప్రయత్నించాక మానుకోవాలో రాయలేదే" అన్నాడు.

మానుకోదు అన్నాను.

8, శుక్రవారం

రెండుసార్లు పడింది, రెండుసార్లూ దానంతటదే లేచింది. రెండోసారి ఆరో ప్రయత్నానికి గానీ లొంగలేదు. నేనైతే మూడోదానికే బూతులు మొదలెట్టేవాణ్ణి. నా ప్రోగ్రాం ఓపికని మెచ్చుకోవాలి.

మా ఆవిడ పెరుగన్నం మొత్తం తిన్నదట. అత్తయ్య ఫోన్ చేసి మరీ చెప్పింది. నాకు కళ్ళు చెమర్చాయి, గళ్ళచొక్కా చూడకుండా కిందపడని పెన్ను కోసం బల్ల కిందకి వంగాను.

9, శనివారం

పడింది. లేచింది. అప్పుడు నేను టీ తాగుతున్నాను. టీ అంత రుచిగా ఉంటుందని మర్చేపోయాను.

11, సోమవారం

పాప బరువు కాస్త పెరిగిందని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ చల్లగా ఉండాలి.

మా ఆవిడ మాత్రం ఇంకో సంగతి పట్టుకుంది. "బొమ్మ పోయేముందు దాని టోపీ కళ్ళ మీదికి జారి ఉంటుందండీ. వచ్చేసరికి సరిగ్గా ఉంటుంది. దుప్పటి కూడా."

"సర్దుతారు కదా, నర్సులు" అన్నాను.

"బొమ్మ పోయినప్పుడే ఎందుకు సర్దుతారు?"

అత్తయ్య గొంతు తగ్గించింది. "ఏదో దాస్తున్నారు బాబూ. మనకి కనపడకూడనిది ఏదో చేసేటప్పుడు ఆపేస్తున్నారు."

అత్తయ్యకి టీవీ సీరియళ్ళు ఎక్కువయ్యాయని నవ్వేశాను. కానీ మా ఆవిడ నవ్వలేదు. "మీరు వెళ్ళి చూశారా ఇవాళ?" అంది. లోపలికి తల్లినీ తండ్రినీ తప్ప ఎవర్నీ రానివ్వరు, తల్లి వెళ్ళలేదు, కాబట్టి ఆ ప్రశ్న నాకే.

చూశానన్నాను. బల్ల మీది తెరలో చూడటం చూడటం కాదా.

12, మంగళవారం

పని ఎక్కువగా ఉంది. అందుకే కిందకి వెళ్ళడం కుదరడం లేదు.

13, బుధవారం

పని ఏమంత ఎక్కువ లేదు.

పాప పుట్టిన రోజున వెళ్ళాను. గాజు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. దాని పొట్ట ఎగరడం ఆగిపోయింది, మిషన్ మోగింది, ఎవరో నన్ను పక్కకి తోసేశారు. మళ్ళీ ఊపిరి తీసుకుంది, బాగానే ఉంది, ఇలాంటి పిల్లలకి మామూలేనన్నారు. కానీ ఆ పొట్ట ఆగడం నేను చూశాను. నేను నిలబడి చూస్తుంటేనే ఆగింది. మళ్ళీ వెళ్ళి నిలబడితే మళ్ళీ ఆగుతుందేమోనని పిచ్చి భయం. చదువుకున్నవాడివి, ఇదేం పిచ్చి అంటే జవాబు లేదు. పిచ్చికి జవాబు ఉంటే దాన్ని పిచ్చి అనరు.

మా ఆవిడకి ఇది చెప్పలేదు. ఈ పుస్తకానికి చెప్పాను, చాలు.

ఇవాళ పద్దెనిమిది నాలుగుసార్లు పడింది. రోజురోజుకీ పడటం ఎక్కువైపోతోంది. ప్రోగ్రాం లేపింది. లేపుతుంది.

14, గురువారం

మధ్యాహ్నం భోజనాలయ్యాక పడింది. ప్రోగ్రాం మూసి తెరిచింది. రాలేదు. మళ్ళీ మూసి తెరిచింది. నేను చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాను, వస్తుందిలే అని. రాలేదు. గళ్ళచొక్కా క్యాంటీనుకి వెళ్ళి తిరిగొచ్చాడు. అప్పటికీ రాలేదు.

ఫోన్ మోగింది. ఈసారి అత్తయ్య కాదు, తనే.

"మీ ప్రోగ్రాం ఏమంటోంది?"

"ప్రయత్నిస్తోంది."

"మీరో?"

తను కోప్పడలేదు, అదే కష్టమైంది. "తీగ సంగతి తర్వాత. నా బదులు వెళ్ళి దాన్ని చూసి రండి. నాకైతే వెళ్ళే వీల్లేదు కదా" అంది.

గళ్ళచొక్కా లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు. నా చేతిరాత నా ముక్కు ముందే ఉంది.

కింద మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కోవాలి, వాళ్ళిచ్చే గౌను తొడుక్కోవాలి. నేను కడిగిందే కడిగాను. ఇంక కడగడానికి చేతుల్లో ఏమీ మిగల్లేదనిపించాక లోపలికి వెళ్ళాను.

మూలన, మా పాప పెట్టెకీ గోడకీ మధ్యనున్న సందులో ఒక కుర్చీ. కుర్చీలో ఉష్ సిస్టర్. పెట్టెకి పక్కనుండే గుండ్రటి కిటికీలోంచి ఒక చెయ్యి లోపల పెట్టి కూర్చుంది. నేను నోరు తెరవకముందే "ఉష్" అంది.

నిలబడ్డాను. ఆవిడ చూపుడువేలు పాప అరికాలి దగ్గర ఉంది. ముట్టుకోవడం లేదు, ఊరికే దగ్గరగా ఉంచింది. కళ్ళు మాత్రం పాప పొట్ట మీద. కాసేపటికి ఆ వేలు ఒక్కసారి అరికాలిని తట్టింది. పాప ఉలిక్కిపడి పెద్దగా ఊపిరి పీల్చుకుంది. మిషన్ మోగనేలేదు.

"మర్చిపోతుంది" అంది సిస్టర్, నా వైపు చూడకుండానే. "పాలు పట్టాక ఊపిరి తీసుకోవడం మర్చిపోతుంది నీ కూతురు. మిషన్ మోగాక పరిగెత్తుకొచ్చి తట్టినా గుర్తొస్తుందనుకో. కానీ మోతకి బెదిరిపోతోంది, మళ్ళీ సద్దుకోవడానికి చాలాసేపు పడుతోంది. మోగేదాకా ఎందుకని నేనే కూర్చుంటున్నా."

"రోజూనా?"

"టీకి వదులుతారు కదా కాసేపు. ఆ టీ ఏదో ఇక్కడే. ఈ రెండు రోజులూ మరీ మతిమరుపుగా ఉంది, అందుకే వీలైనప్పుడల్లా వస్తున్నా. ఇవాళ డ్యూటీ దిగాక కూడా ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు."

ఆవిడ అలా వెనక్కి ఆనుకుని చెప్తుంటే నాకు కనిపించింది. కుర్చీ వీపు గోడకున్న సాకెట్టు మీద సరిగ్గా ఆనుతోంది. ఆ సాకెట్టు నేను బిగించిందే. ఆవిడ కూర్చుంటే తీగ పట్టు తప్పుతుంది, లేస్తే పట్టు దొరుకుతుంది. ఇవాళ లేవకుండా కూర్చోవడంతో తీగ మొత్తం ఊడి కిందికి వేలాడుతోంది.

ఆరో ప్రయత్నానికి లొంగిందని రాసుకున్నాను పైన. ఏం లొంగడం. ఆరో ప్రయత్నానికి ఆవిడ టీ టైము అయిపోయి లేచి వెళ్ళింది. నా ప్రోగ్రాం ఓపికని మెచ్చుకున్నాను, ఎవరి ఓపికనో నాకు తెలియలేదు.

"ఏంటి అలా నిలబడ్డావ్? నీ తీగ కోసమా? నీ తీగలెప్పుడూ నా కాళ్ళకి అడ్డమే" అంది.

"మీ కుర్చీయే నా తీగకి అడ్డం సిస్టర్" అని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ కూర్చున్నప్పుడల్లా పైన టీవీ పోతోందని, తల్లి అన్నం మానేసి నల్ల తెర చూస్తూ కూర్చునేదని.

ఆవిడ మొహం వాడిపోయింది. "అయ్యో, నా తల్లే. ఇన్నాళ్ళూ నా వల్లేనా? ఎవరూ ఒక్కమాట చెప్పలేదే?"

చెప్పడానికి ఎవరైనా వచ్చి చూడాలి కదా. ఆ మాట పైకి అనలేదు.

ఆవిడ లేచింది. కుర్చీ చూపించి కూర్చోమంది. నాకు చేతకాదన్నాను. "నాకు మాత్రం పుట్టగానే చేతనైందా? చెయ్యి పెట్టు" అంది. పెట్టాను. లోపల వెచ్చగా ఉంది. పాప అరికాలు నా బొటనవేలంత కూడా లేదు.

పొట్ట ఎగరడం ఆగింది. నేను చూస్తుంటేనే ఆగింది.

"ఉష్" అంది సిస్టర్, నేనేమీ అనకపోయినా. "తట్టు."

తట్టాను. ఊపిరి తీసుకుంది.

నేను అక్కడే ఏడ్చాను. ఉష్ సిస్టర్ ఈసారి ఉష్ అనలేదు.

15, శుక్రవారం

నిన్న పైకి వెళ్ళి తనకి అంతా చెప్పాను. చూశానని అబద్ధమాడటం, పాప పుట్టిన రోజు నాటి భయం, అన్నీ. తను అంతా విని, "అంటే బొమ్మ పోయినప్పుడల్లా దాని దగ్గర ఒక మనిషి ఉందన్నమాట" అంది. ఆ మాట రెండుసార్లు అంది. అత్తయ్య కళ్ళు తుడుచుకుని, "ఆ మహాతల్లిని పట్టుకుని ఏమేమి అన్నాను" అని లెంపలు వేసుకుంది.

ఇవాళ సాకెట్టు మార్చి పక్కకి జరుపుదామని వెళ్ళాను. కుదరదన్నారు. గోడ తొలిస్తే దుమ్ము లేస్తుంది, ఆ మూల పెట్టె ఖాళీ అయ్యేదాకా గోడ ముట్టుకోకూడదు. పెట్టె ఖాళీ కావడమంటే మా పాప ఇంటికి రావడం. సందులో కుర్చీ వేయడానికి వేరే చోటు కూడా లేదు. మరి ఎలాగని మా ఆవిడని అడిగాను.

"కుర్చీని ఎవరైనా కదిపారంటే ఊరుకోను. టీవీ పోతే పోనివ్వండి" అంది.

ఊడిన తీగని మళ్ళీ గుచ్చి వచ్చాను. ప్రోగ్రాం ఉంచాను. సిస్టర్ లేవగానే బొమ్మ తెప్పించే పని దానిది. ఆ మాత్రం చాలు.

16, శనివారం

పద్దెనిమిది పడింది. సిస్టర్ టీ తాగుతోంది.

తర్వాత మళ్ళీ పడింది. అప్పుడు కూర్చున్నది నేను. పైన అత్తయ్య "టీవీ పోయింది" అంటే మా ఆవిడ "వాళ్ళ నాన్న కూర్చున్నాడు" అని దుప్పటి కప్పుకుని నిద్రపోయిందట. పట్టపగలు నిద్రపోయింది, పాప పుట్టాక కంటినిండా నిద్రపోవడం అదే మొదలు. టీవీ నల్లగా ఉండగా.

ఇంట్లో నేను గురకపెడితే నిద్ర పట్టదనే మనిషి.

18, సోమవారం

సిస్టర్‌కి ఒక మంచి ఫ్లాస్కు కొని తీసుకెళ్ళాను, టీ చల్లారకుండా ఉంటుందని. "ఇదెందుకు, నా కాళ్ళకి అడ్డం" అంది. తీసుకుని కుర్చీ కింద పెట్టుకుంది.

కెమెరాలప్పటి ఫిర్యాదు గురించి అడిగాను. ఆవిడకి గుర్తే లేదు. ఇన్నేళ్ళూ నేనొక్కణ్ణే మోశానన్నమాట ఆ పగ. కూలి కూడా గిట్టలేదు.

21, గురువారం

పాప మర్చిపోవడం తగ్గింది. ఇవాళ నేను కూర్చున్నంతసేపూ ఒక్కసారి కూడా తట్టాల్సిన పని పడలేదు. కాస్త నిరుత్సాహంగా కూడా అనిపించింది. ఆ మాట సిస్టర్‌తో అంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ నవ్వుతుందని ఆస్పత్రిలో ఎవరికి చెప్పినా నమ్మరు.

మా ఆవిడకి జ్వరం లేదు. కుట్లు ఆరాయి. డాక్టరమ్మ ఇంకా ఏమీ అనలేదు.

22, శుక్రవారం

డాక్టరమ్మ సరేనంది. సోమవారం.

24, ఆదివారం

తను ఇవాళ గోళ్ళు కత్తిరించుకుంది. రెండుసార్లు. అత్తయ్య జడ వేసి విప్పి మళ్ళీ వేసింది, వార్డులో టోపీ పెడతారు, ఎవరూ చూడరని చెప్పినా వినలేదు. నేను పోర్టు గురించి ఆలోచించలేదు. ఎవరికైనా కృతజ్ఞత చెప్పాలని కూర్చుంటే ఎక్కడ మొదలెట్టాలో తెలియనంతమంది వచ్చారు, గళ్ళచొక్కాతో సహా.

25, సోమవారం

చక్రాల కుర్చీలో వార్డు గుమ్మం దాకా నేనే తోసుకొచ్చాను. ఒకసారికి ఒక్కరినే రానిస్తారు. గుమ్మంలో ఉష్ సిస్టర్ అందుకుంది. చేతులు ఎలా కడుక్కోవాలో మా ఆవిడకి చెప్పబోయాను, ఇద్దరూ కలిసి "ఉష్" అన్నారు.

నేను మా గదికి వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను. తెర మీద పద్దెనిమిది పచ్చగా ఉంది. కాసేపు అలాగే ఉంది. చేతులు కడుక్కుంటోంది అనుకున్నాను. గౌను తొడుక్కుంటోంది. లోపలికి నడుస్తోంది, మెల్లగా, కుట్లు కదా. ఇప్పుడు పెట్టె దగ్గర నిలబడి ఉంటుంది.

పద్దెనిమిది ఎర్రగా మారింది.

"పడింది" అన్నాడు గళ్ళచొక్కా. కాసేపాగి, నా ప్రోగ్రాం లేచి తన పని మొదలుపెట్టింది. పోర్టు మూసింది. తెరవబోతుండగా నేను దాన్ని ఆపేశాను. రాసిననాటి నుంచి దాన్ని ఆపడం ఇదే మొదటిసారి.

అత్తయ్య ఫోన్ చేసింది. పైగదిలో ఆవిడ ఒక్కతే, టీవీ ముందు.

"బాబూ, బొమ్మ పోయింది."

"పోయింది అత్తయ్యా."

ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"కూర్చుందా?"

"కూర్చుంది" అన్నాను.